రెండు సర్వోలు, మూడు పళ్ల చక్రాలు, ఒక మణికట్టు



మన తొమ్మిదవ తరగతి లెక్కల పుస్తకంలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు అనే పాఠం ఉన్నది. మేము వాటికి గ్రాఫ్ పేపరు మీద గీతలు గీస్తున్నం. పదవ తరగతి అక్కలు రెండేసి సమీకరణాలు కలిపి సాధిస్తున్నరు. స్టడీ అవర్‌ల ఇటు మేము, అటు అక్కలు ఒక్కటే మాట అంటం: "ఎక్స్, వై కూడుడు, తీసేసుడు... దీంతోని బయట ఏం పని పడతది?"

పని పడతది. ఒక రోబో చేతి మణికట్టు ఈ కూడికను, తీసివేతను పళ్ల చక్రాలతో చేస్తుంది. రెండు చిన్న మోటర్లు కలిసి, ఒక్క మోటరు ఎత్తలేని బరువు ఎత్తుతయి. ఆ కీలును డిఫరెన్షియల్ కీలు అంటారు. మన సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో తయారయ్యే ట్రాక్టరు వెనుక ఇరుసులో కూడ ఇదే ఉన్నది. పటాన్‌చెరు రోడ్డు మీద తిరిగే ఆటో కింద కూడ ఇదే ఉన్నది. అది ఎట్ల పనిచేస్తుందో ఈ సంచికలో తెలుసుకుందాం.

మణికట్టు ఏమి చేస్తుంది?

ఇంటికాడ అమ్మ జొన్నరొట్టె చేసేటప్పుడు చెయ్యి చూడుండ్రి. రొట్టెను తట్టేటప్పుడు చెయ్యి మణికట్టు దగ్గర పైకి, కిందికి వంగుతది. పెంక మీద రొట్టెను తిరగేసేటప్పుడు అరచెయ్యి బోర్లా, వెల్లకిలా తిరుగుతది. అంటే రెండు కదలికలు. ఒకటి వంగుడు. రెండోది తిరుగుడు. తలుపు కొట్టాలంటే వంగుడు కావాలె. తాళం తీయాలంటే తిరుగుడు కావాలె.

మన చేతిలో తిరుగుడు జరిగేది నిజానికి ముంజేతిలో. అక్కడ రత్ని, అరత్ని అని రెండు ఎముకలు ఉన్నాయి. రత్ని అరత్ని మీదుగా మెలి తిరిగితే అరచెయ్యి తిరుగుతుంది. మా గోండిలో చేతిని కయ్ అంటం. కయ్ ఒక్కటే మాట, కాని లోపల పని మాత్రం చాలమంది పంచుకుంటరు.

రోబో చేతికి కూడ ఈ రెండు కదలికలు కావాలి. లేకుంటే అది వస్తువును పట్టుకుంటది గాని, కావలసిన తీరుగ పెట్టలేదు.

సర్వో అంటే ఏమిటి?

ఫ్యాన్‌లో ఉండే మోటరుకు కరెంటు ఇస్తే తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. సర్వోకు తెలుస్తుంది. సర్వో డబ్బా విప్పితే నాలుగు వస్తువులు కనిపిస్తాయి.

1. ఒక చిన్న మోటరు.
2. వేగం తగ్గించి బలం పెంచే పళ్ల చక్రాలు.
3. రేడియోలో సౌండు పెంచే బిర్ర లాంటి ఒక భాగం. ఇరుసు ఎంత తిరిగిందో ఇది చెప్తుంది.
4. చెప్పిన కోణాన్ని, వచ్చిన కోణాన్ని పోల్చి చూసే చిన్న సర్క్యూట్.

"60 డిగ్రీలు పో" అంటే 60 దగ్గరికి పోయి ఆగుతుంది. ఎవరన్న చేతితో తోస్తే మళ్ల 60కే రావాలని కొట్లాడుతుంది. ఆజ్ఞ ఇచ్చేది కరెంటు దెబ్బతోని. ప్రతి 20 మిల్లీ సెకన్లకు ఒక దెబ్బ పోతుంది. ఆ దెబ్బ 1.5 మిల్లీ సెకన్లు ఉంటే సర్వో నడిమిట్ల నిలబడుతుంది. దెబ్బ పొట్టిగ అయితే ఒక పక్కకు, పొడుగు అయితే ఇంకో పక్కకు పోతుంది.

బడులలో ఎక్కువగా కనిపించేది నీలం రంగు ఎస్‌జి-90 సర్వో. దాని బరువు 9 గ్రాములు. ఒక చివర నుంచి ఇంకో చివరకు దాదాపు 180 డిగ్రీలు తిరుగుతుంది. అంటే నడిమి నుంచి ఇటు 90, అటు 90. దాని బలం 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో-సెంటీమీటర్లు అని రాస్తారు. దీని అర్థం: ఇరుసుకు 1 సెంటీమీటరు దూరంలో 1.8 కిలోల బరువును ఆపగలదు. 10 సెంటీమీటర్ల దూరంలో అయితే 180 గ్రాములే. దూరం పదింతలు పెరిగితే ఆపగల బరువు పదో వంతు అయింది. బాయి గిరక చుట్టు తాడు మీద బరువు ఎంత ముఖ్యమో, ఇరుసు నుంచి దూరం కూడ అంత ముఖ్యం.

మొదటి పద్ధతి: ఒకదాని నెత్తిన ఇంకొకటి

రెండు కదలికలు కావాలంటే ఎవరికైనా మొదట తోచేది ఇది. ఒక సర్వో వంచడానికి పెట్టాలి. దాని కొమ్ముకు రెండో సర్వోను బిగించాలి. ఆ రెండోది తిప్పుతుంది. ఇది పనిచేస్తుంది, తప్పేమీ లేదు. కాని రెండు నష్టాలు ఉన్నాయి.

మొదటి నష్టం: వంచే సర్వో వస్తువును ఒక్కదాన్నే ఎత్తదు, రెండో సర్వోను కూడ మోస్తుంది. 9 గ్రాములదైతే పెద్ద బాధ లేదు. కాని లోహపు గేర్లున్న ఎంజి-996 రకం సర్వో 55 గ్రాములు ఉంటుంది. అది చేతి చివర వేలాడితే మోచెయ్యి, భుజం కూడ ఆ బరువు మొయ్యాలి.

రెండో నష్టం: వంచేటప్పుడు రెండో సర్వో ఊకెనే కూర్చుంటది. తిప్పేటప్పుడు మొదటిది ఊకెనే ఉంటది. ఇద్దరు కూలీలను పిలిచి ఒకరితోనే పని చేయించినట్టు.

మన శరీరం ఈ నష్టాన్ని తప్పించుకున్నది. వేళ్లను వంచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్ల లాంటి స్నాయువులతో వేళ్లను లాగుతాయి. అందుకే వేళ్లు సన్నగ, తేలికగ ఉన్నయి. పిడికిలి బిగించి, రెండో చేతితో ముంజెయ్యి పట్టి చూడుండ్రి. కండరం కదిలేది తెలుస్తది.

రెండో పద్ధతి: డిఫరెన్షియల్ కీలు

ముందు ఒక చిన్న ప్రయోగం. దీనికి మోటరు అక్కరలేదు.

చేసి చూడండి: ఒక గుండ్రటి పెన్సిల్‌ను రెండు అరచేతుల మధ్య అడ్డంగా పెట్టుకోండి.

1. రెండు అరచేతులను కలిపి ఒకేసారి ముందుకు జరపండి. పెన్సిల్ ముందుకు పోతుంది. దొర్లదు.
2. ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి వెనుకకు సమానంగా జరపండి. పెన్సిల్ ఉన్నకాడనే దొర్లుతుంది. ముందుకు పోదు.
3. ఎడమ చెయ్యి కదపకుండా, కుడి చేతిని 6 సెంటీమీటర్లు ముందుకు జరపండి. పెన్సిల్ దొర్లుతుంది, ముందుకు కూడా పోతుంది. స్కేలు పెట్టి కొలవండి. సరిగ్గా సగం, 3 సెంటీమీటర్లు.

డిఫరెన్షియల్ అంటే ఇంతే. అరచేతులకు బదులు రెండు పళ్ల చక్రాలు, పెన్సిల్‌కు బదులు మూడో పళ్ల చక్రం.

ఇప్పుడు కీలు కట్టుడు చూద్దాం. ఇవి మామూలు పళ్ల చక్రాలు కావు, ఏటవాలు పళ్లవి. వీటిని బెవెల్ గేర్లు అంటారు. బతుకమ్మ తీరుగ కింద వెడల్పు, పైన సన్నం ఉంటయి. రెండు బెవెల్ గేర్లు ఒకదానికి ఇంకొకటి నిట్టనిలువు కోణంలో, అంటే 90 డిగ్రీలలో, పట్టుకొని తిరుగుతాయి.

మొదటి గేరు ఎడమ పక్కన, రెండోది కుడి పక్కన, ఎదురెదురుగా పెట్టాలి. ఎడమ దాన్ని ఎడమ సర్వో తిప్పుతుంది. కుడి దాన్ని కుడి సర్వో తిప్పుతుంది. ఈ రెండింటి నడుమ మూడో గేరు ఉంటుంది. దాని పళ్లు ఇటు ఎడమ గేరును, అటు కుడి గేరును పట్టుకుంటాయి. మూడో గేరును టి ఆకారపు ఇరుసు మీద పెట్టాలి. టి లోని అడ్డ కర్ర ఎడమ, కుడి గేర్ల నడిమి రంధ్రాలలో వదులుగా ఉంటుంది. నిలువు కర్ర మీద మూడో గేరు తిరుగుతుంది. రోబో అరచేతిని ఆ మూడో గేరుకే బిగించాలి.

ఇగ సర్వోలను తిప్పుదాం. కుడి పక్కన ఒక్కకాడ నిలబడి చూస్తున్నం అనుకోండి.

రెండు గేర్లు ఒకే దిక్కు, ఒకే వేగంతో తిరిగితే మూడో గేరును ఎడమ పళ్లు ఎంత తోస్తయో కుడి పళ్లు కూడ అంతే తోస్తయి. అది తన చుట్టు తాను తిరగలేదు. టి ఇరుసుతో సహా మొత్తం లేచి వంగుతుంది. ఇది వంగుడు.

రెండు గేర్లు ఎదురెదురు దిక్కులలో తిరిగితే మూడో గేరు ఉన్నకాడనే తన చుట్టు తాను తిరుగుతుంది. టి ఇరుసు కదలదు. ఇది తిరుగుడు.

ఒక్కటే తిరిగి, ఇంకోటి ఆగి ఉంటే సగం వంగుడు, సగం తిరుగుడు రెండూ వస్తాయి. పెన్సిల్‌కు వచ్చినట్టే.

లెక్క ఇక్కడ ఉన్నది

మూడు గేర్లకు పళ్లు సమానంగా ఉంటే లెక్క ఇట్ల వస్తుంది.

వంగుడు = (ఎడమ + కుడి) ÷ 2
తిరుగుడు = (ఎడమ − కుడి) ÷ 2

కాని పని చేసేటప్పుడు మనకు తెలిసేది వేరు. ఎంత వంగాలో, ఎంత తిరగాలో మనకు తెలుసు. ఏ సర్వోకు ఎంత చెప్పాలో తెలియదు. అంటే రెండు సమీకరణాలు సాధించాలి. కూడితే ఎడమ వస్తుంది, తీసివేస్తే కుడి వస్తుంది.

ఎడమ = వంగుడు + తిరుగుడు
కుడి = వంగుడు − తిరుగుడు

ఉదాహరణ: చెయ్యి 30 డిగ్రీలు వంగాలి, 20 డిగ్రీలు తిరగాలి. ఎడమ సర్వోకు 30 + 20 = 50. కుడి సర్వోకు 30 − 20 = 10. సరిచూసుకుందాం. (50 + 10) ÷ 2 = 30. (50 − 10) ÷ 2 = 20. సరిపోయింది.

ఎక్స్ + వై = 60, ఎక్స్ − వై = 40 అనే లెక్క ఇదే. ఎక్స్ ఎడమ సర్వో, వై కుడి సర్వో. స్టడీ అవర్‌ల అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది కదా!

ఇంకో సంగతి. సర్వో నడిమి నుంచి 90 డిగ్రీలకు మించి పోదు. అందుకని వంగుడు, తిరుగుడు రెండూ ఒకేసారి నిండా దొరకవు. 90 డిగ్రీలు వంచితే రెండు సర్వోలు చివరికి పోయి నిలబడతాయి, ఇగ తిప్పడానికి ఏమీ మిగలదు. 60 డిగ్రీలు వంచితే ఇటు 30, అటు 30 మాత్రమే తిప్పవచ్చు. వంగుడును అడ్డ అక్షం మీద, తిరుగుడును నిలువు అక్షం మీద పెట్టి గ్రాఫ్ గీస్తే, చెయ్యి పోగలిగిన చోట్లన్నీ మూల మీద నిలబెట్టిన చతురస్రం లోపల వస్తాయి. అచ్చం గాలిపటం ఆకారం. గ్రాఫ్ పేపరు ఉన్నవాళ్లు గీసి చూడండి.

బలం సంగతి

మన మెస్‌లో పప్పు డేక్సాను ఇద్దరు మోస్తరు కదా, చెరొక కడియం పట్టుకొని. 20 కిలోల డేక్సా అయితే ఒక్కొక్కరి మీద 10 కిలోలు. ఇద్దరూ ఒకేసారి లేపితే డేక్సా లేస్తది. ఒకరు లేపి ఒకరు దించితే డేక్సా ఒరుగుతది, పప్పు ఒలుకుతది, వంట అక్క తిడుతది.

డిఫరెన్షియల్ కీలు కూడా ఇట్లనే. వంచేటప్పుడు రెండు సర్వోలు కలిసి ఎత్తుతాయి. ఒక ఎస్‌జి-90 సర్వో 10 సెంటీమీటర్ల దూరంలో 180 గ్రాములు ఆపితే, రెండు కలిసి 360 గ్రాములు ఆపాలి. తిప్పేటప్పుడు కూడ రెండింటి బలమూ ఆ తిరుగుడుకే పోతుంది. ఎవరూ ఊకెనే కూర్చోరు. పైగా సర్వోలు రెండూ కీలుకు వెనుక, ముంజేతి మీదనే ఉంటయి. చేతి చివర బరువు పెరగదు. మన కండరాలు చేసిన ఏర్పాటే ఇది.

అయితే 360 గ్రాములు అనేది సర్వో కదలకుండా బిగుసుకున్నప్పటి లెక్క. పళ్ల రాపిడికి కొంత పోతుంది. రోజూ పని చేయాలంటే అందులో సగానికి మించి మోపవద్దు. లేకుంటే సర్వో వేడెక్కి కాలిపోతుంది.

ఈ పద్ధతికి ఒక నష్టం కూడ ఉన్నది. మొదటి పద్ధతిలో ఒక సర్వో చెడిపోతే ఒక కదలికే పోతుంది. దీనిలో ఒకటి చెడిపోతే వంగుడు, తిరుగుడు రెండూ పాడవుతాయి. జతలో ఒకరు డేక్సా వదిలేసినట్టే.

మన జిల్లాలో డిఫరెన్షియల్

ముందు ఎడ్లబండి చూద్దాం. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం పోతది, బయటి చక్రం ఎక్కువ దూరం పోతది. బండికి ఇబ్బంది లేదు, ఎందుకంటె ఇరుసు మీద ఏ చక్రం దానికదే తిరుగుతది. లాగేది ఎడ్లు, చక్రాలు కావు.

ట్రాక్టరుకు అట్ల కుదరదు. ఇంజను బలం చక్రాలకే పోవాలి. వెనుక చక్రాల నడుమ దూరం 1.3 మీటర్లు అనుకుందాం. సాలు చివర ట్రాక్టరు వెనక్కి మళ్లితే ప్రతి చక్రం అర్ధవృత్తం తిరుగుతుంది. బయటి చక్రం లోపలి దాని కంటె 3.14 × 1.3, అంటే దాదాపు 4 మీటర్లు ఎక్కువ పోవాలి. మలుపు చిన్నదైనా, పెద్దదైనా ఈ తేడా మారదు. వృత్తం పాఠంలోని సూత్రంతో లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. రెండు చక్రాలను ఒకే గట్టి ఇరుసుకు బిగిస్తే ఒక టైరు భూమి మీద ఈడ్చుకుపోవాలి, లేకుంటే ఇరుసు విరగాలి.

అందుకే నడుమ డిఫరెన్షియల్ పెడతారు. ఇంజను బలం క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రానికి వస్తుంది. క్రౌన్‌కు బిగించిన డబ్బాలో చిన్న గేర్లు ఉంటాయి. మెకానిక్‌లు వాటిని స్టార్ పినియన్లు అంటారు. అవి ఎడమ, కుడి చక్రాల గేర్లను పట్టుకొని ఉంటాయి. ఎడమ చక్రం 10 చుట్లు, కుడి చక్రం 14 చుట్లు తిరిగితే క్రౌన్ 12 చుట్లు తిరుగుతుంది. (10 + 14) ÷ 2 = 12. అదే సూత్రం! తేడా ఒక్కటే. ట్రాక్టరులో బలం నడిమి నుంచి రెండు పక్కలకు పంపిణీ అవుతుంది. రోబో మణికట్టులో రెండు పక్కల నుంచి నడిమికి వస్తుంది.

బురద మడిలో ట్రాక్టరు దిగబడినప్పుడు ఒక చక్రం గిర్రున తిరుగుతది, ఇంకోటి కదలదు. అది కూడ ఈ సూత్రమే. ఒకటి 24, ఒకటి 0 అయినా సగటు 12 కదా! అప్పుడు డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ అనే పెడల్ తొక్కుతడు. రెండు చక్రాలు కలిసి తిరిగి ట్రాక్టరు బయటకు వస్తది. గట్టి నేల మీదికి రాంగనే లాక్ తీసేయాలె.

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ 2013లో మొదలైంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ వరుసగా వస్తాయి. ఆ దారిలో పోయే ప్రతి ట్రాక్టరు, లారీ, ఆటో వెనుక చక్రాల నడుమ డిఫరెన్షియల్ ఉన్నట్టే. ఈసారి బస్సు కిటికీలోంచి లారీ వెనుక ఇరుసు చూడండి. నడుమ కుండ లాగ ఉబ్బెత్తుగా ఉన్నది అదే.

మీకు తెలుసా?

ఫ్రాన్స్ దేశానికి చెందిన పెక్కూర్ అనే ఆయన దాదాపు రెండు వందల ఏళ్ల కింద ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు తీసుకున్నడు.

2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవరుకు ఆరు చక్రాలు ఉన్నాయి. ఎడమ పక్క మూడు, కుడి పక్క మూడు. రెండు పక్కలనూ కలుపుతూ రోవరు వీపు మీద ఒక డిఫరెన్షియల్ కడ్డీ ఉన్నది. ఒక పక్క రాయి ఎక్కినా రోవరు పెట్టె సగమే వంగుతుంది. ఇక్కడ కూడ సగటే!

బారెట్ అనే అమెరికా కంపెనీ చేసిన వామ్ అనే రోబో చేతిలో డిఫరెన్షియల్ ఉన్నది. కాని పళ్ల చక్రాలకు బదులు సన్నని ఉక్కు తీగలు వాడిండ్రు. పళ్ల నడుమ సందు ఉంటే చెయ్యి వణుకుతది, తీగకు ఆ సందు ఉండదు.

మన జిల్లాలో కంది దగ్గర ఐ.ఐ.టి. హైదరాబాద్ ఉన్నది. డ్రైవరు లేకుండా నడిచే బండ్లను పరీక్షించే మైదానం అక్కడ 2022లో మొదలైంది.

కట్టేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

1. పళ్లు కలిపే ముందు రెండు సర్వోలకు "నడిమికి పో" అని ఆజ్ఞ ఇవ్వాలి. తర్వాతనే గేర్లు బిగించాలి. లేకుంటే చెయ్యి మొదటి నుంచే ఒక పక్కకు వంకరగ ఉంటది.

2. సర్వోలు ఎదురెదురుగా ఉంటాయి. అద్దంలో మనిషి లాగ. రెండింటికీ ఒకే ఆజ్ఞ ఇస్తే అవి ఎదురు దిక్కులలో తిరుగుతాయి. అందుకని ఒకదానికి కోణం ఉన్నదున్నట్టు చెప్పాలి, ఇంకోదానికి 180 లోంచి తీసేసి చెప్పాలి.

3. సర్వోలకు కరెంటు విడిగా ఇవ్వాలి. 1.5 వోల్టుల సెల్లులు నాలుగు వరుసగా పెడితే 6 వోల్టులు వస్తుంది. ఆర్డ్యునో బోర్డు నుంచి కరెంటు గుంజితే బోర్డు ఆగి ఆగి మొదలైతది. కాని సెల్లుల మైనస్ తీగను, బోర్డు మైనస్ తీగను కలపడం మరువవద్దు.

4. పళ్లు మరీ బిగుతుగా కలిస్తే రాపిడి పెరుగుతుంది. మరీ వదులైతే చెయ్యి గలగల ఊగుతుంది. రెండు పళ్ల నడుమ ఒక కాగితం పట్టేంత సందు ఉంచి బిగించి, కాగితం తీసేయాలి.

5. సర్వో గుర్రుమని మూలిగితే బరువు ఎక్కువైనట్టు. వెంటనే కరెంటు తీయాలి.

ఇది ఎవరికి పనికి వస్తుంది?

ఇది ఆట వస్తువు అని కొందరు అన్నరు. అందుకని ఒక సంగతి రాస్తున్న.

మా అన్న ఆదిలాబాద్ దిక్కు నుంచి పనికి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఒక షెడ్డుల పవర్ ప్రెస్ మీద చేసిండు. రేకు ముక్కను ప్రెస్ కింద పెట్టాలె. దెబ్బ పడంగనే తీయాలె. తిరగేసి మళ్ల పెట్టాలె. చెయ్యి వంచు, చెయ్యి తిప్పు, పొద్దుగూకేదాక ఇదే పని. ప్రెస్‌కు రెండు బటన్లు ఉంటయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే దెబ్బ పడాలె. అట్లయితే ఏ చెయ్యీ కింద ఉండదు. పని తొందరగ కావాలని అక్కడ ఒక బటన్‌ను టేపు వేసి నొక్కిపెట్టిండ్రట. అన్న కుడి చెయ్యి రెండు వేళ్లు పోయినయి.

మిషన్ల ప్రమాదకరమైన భాగాలకు అడ్డు కట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాసిండ్రు. రెండు బటన్లు కూడ రెండు సర్వోల తీరే. రెండూ కలిస్తేనే పని. ఒకదాన్ని టేపు వేసి ఆపితే లెక్క మొత్తం తప్పుతుంది, కాని ఇక్కడ తప్పేది మార్కు కాదు.

వంచి, తిప్పి పెట్టే పని డిఫరెన్షియల్ మణికట్టు చేయగలదు. మన ఎస్‌జి-90 సర్వోలతో కాదు, ఫ్యాక్టరీకి ఇంకా పెద్ద మోటర్లు, ఇనుప గేర్లు కావాలె. సూత్రం మాత్రం ఇదే. ఇది చెప్తె అన్న అడిగిండు: "చెల్లె, మరి ఆ చెయ్యి వస్తె నా కూలి ఎవరిస్తరు?" ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు లెక్కల పుస్తకంలో లేదు. కాని ఒకటి మాత్రం నిజం. ఆ చేతికి కూడ పళ్ల సందు సరిచేయాలె, గ్రీజు పెట్టాలె, నడిమికి తేవాలె, చెడిపోతె విప్పాలె. ఆ పని నేర్చినోళ్లకు దొరుకుతది. నేర్పే చోటు ఐ.టి.ఐ. కావచ్చు, పాలిటెక్నిక్ కావచ్చు. ఆడపిల్లలు ఫిట్టర్ కోర్సు తీసుకోవద్దని ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు అన్న ఎడమ చేతితో బిర్రలు బిగించుడు నేర్చుకుంటున్నడు. పెన్సిల్ ప్రయోగం మా ఇంట్ల అందరికంటె ముందు ఆయనకే అర్థమయింది. ఎనిమిది వేళ్లతో చేసి చూపించిండు.

ఆలోచించండి

1. చెయ్యి 40 డిగ్రీలు వంగాలి, ఎదురు దిక్కుకు 10 డిగ్రీలు తిరగాలి. అంటే తిరుగుడు −10. ఏ సర్వోకు ఎంత చెప్పాలి?

2. ఎడమ సర్వో 70 దగ్గర, కుడి సర్వో 30 దగ్గర ఉన్నది. చెయ్యి ఎంత వంగింది? ఎంత తిరిగింది?

3. చెయ్యి 75 డిగ్రీలు వంగి ఉన్నది. ఇంకా ఎంతవరకు తిప్పవచ్చు?

4. ఎడ్లబండికి డిఫరెన్షియల్ ఎందుకు అక్కరలేదు? మీ సొంత మాటలలో రాయండి.

జవాబులు చీటీ మీద రాసి సైన్స్ ల్యాబ్ దగ్గర ఉన్న ప్రశ్నల పెట్టెలో వేయండి. పేరు, తరగతి మరువవద్దు. సరైన జవాబులు వచ్చే సంచికలో వస్తాయి. చిన్న తరగతుల చెల్లెలు ఎవరికైనా అర్థం కాకుంటే ఆదివారం బట్టలు ఉతికినంక పెన్సిల్ పట్టుకొని రండి, కూర్చొని చేద్దాం.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని